పొగను చూచి నిప్పును చెప్పుట

జ్ఞానమునకు ద్వారములు మూడని విశిష్టాద్వైత సంప్రదాయము బోధించుచున్నది. ఇంద్రియములతో నేరుగ తెలియునది ప్రత్యక్షము. కనిపించు గుర్తును బట్టి కనిపించని వస్తువును నిశ్చయించునది అనుమానము. విశ్వసింపదగిన వాక్యము వలన కలుగునది శబ్దము. కొండమీద పొగను చూచి అచ్చట నిప్పు కలదని చెప్పుట అనుమానమునకు తార్కికులు తరతరములుగ ఇచ్చుచున్న ఉదాహరణము. లోకవ్యవహారమున మాత్రము అనుమానమనగా సందేహము. శాస్త్రమున నిశ్చయమునకు సాధనమైన మాట, ఇంటి మాటలలో నిశ్చయము లేకపోవుటకు పేరైనది. ఈ రెండర్థములను ఒక్కచోట చేర్చి ఆలోచింపవలసిన సందర్భము నేటి గృహస్థులకు తరచుగ ఎదురగుచున్నది. అది తలలోని కణితి ఏ జాతిదో తలను తెరవకుండ చెప్పవలసిన సందర్భము.

కోయక తెలిసికొనుట గోదావరి సీమవారికి కొత్త విద్య కాదు. కోనసీమలో కొబ్బరికాయలు కొనువాడు ప్రతి కాయను పగులగొట్టి చూడడు. చెవియొద్ద ఆడించును, వేలితో తట్టును, నీటి చప్పుడును బట్టి కాయ మంచిచెడ్డలు చెప్పును. నదిలో పడవ నడుపువాడు నీటిపై సుడులను, అలల తీరును చూచి అడుగున ఇసుక మేట వేసినదని గ్రహించి పడవను మరలించును. వీరి తీర్పు ఎప్పుడైన తప్పినచో దిద్దుకొను దారి కలదు. స్వామి సన్నిధిలో కొట్టిన కాయ కుళ్ళినదైనచో మరియొక కాయ తెచ్చుకొనవచ్చును. శిరస్సునకు మారు శిరస్సు లేదు.

ఒక గృహస్థుని సంగతి తీసికొనవచ్చును. ఏబది యేండ్లవాడు, వరిచేలు చేసికొని బ్రతుకువాడు. తెల్లవారుజామున తలనొప్పి, వాంతి. కొన్నాళ్ళకు పొలముగట్టున మూర్ఛ వచ్చి పడిపోయెను. చిత్రము తీయించగా మెదడులో ఒక గడ్డ కనిపించెను. గడ్డ ఉన్నదని తెలిసినంత మాత్రమున కర్తవ్యము తెలియదు. అది మెదడుపై పొరల నుండి పుట్టిన మెనింజియోమా యైనచో తరచుగ మెల్లగ పెరుగునది. అనువైన చోట నున్నచో పూర్తిగ తీసివేయవచ్చును. మెదడు కణజాలము నుండియే పుట్టిన గ్లయోమా యైనచో దాని వేళ్ళు మంచి భాగములోనికి పాకి యుండును. లింఫోమా యైనచో కోసి తీయుట ముఖ్యము కాదు, మందులే ముఖ్యము. ఊపిరితిత్తుల నుండియో మరియొక అవయవము నుండియో వచ్చి చేరినదైనచో మూలమును వేరొకచోట వెదకవలెను. క్షయవలన ఏర్పడిన గడ్డ యైనచో అది అసలు కాన్సరే కాదు. నెలల తరబడి క్షయ మందులు వాడవలెను. ఒకే మచ్చకు ఇన్ని పేర్లు, ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క దారి. చిత్రమును చూచి ఎంతవరకు చెప్పుట ధర్మము? ఎచ్చట ఆగుట ధర్మము? ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్న వెనుకటి తరములకు లేదు, ఏలయనగా వారికి చూపే లేదు. 1895 నవంబరులో రాంట్జన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. ఎముక కనిపించెను గాని కపాలపుటెముక మాటున మృదువైన మెదడు మరుగుననే ఉండిపోయెను. 1918, 1919 సంవత్సరములలో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ మెదడులోని కుహరములకు గాలి ఎక్కించి వాటి ఆకృతిని చిత్రించు పద్ధతిని కనిపెట్టెను. అది రోగికి మిక్కిలి బాధాకరము. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెడనాళములలో మందు ఎక్కించి మెదడు రక్తనాళములను చిత్రించెను. మన దక్షిణదేశమున 1949లో వెల్లూరులో జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి నాడీ శస్త్రచికిత్సా విభాగములను ప్రారంభించిరి. ఆనాడు డెల్టా గ్రామములనుండి ఇట్టి రోగిని మద్రాసునకో వెల్లూరునకో రైలులో తీసికొనిపోవలసి వచ్చెడిది. పోయిన పిమ్మటను నీడలను బట్టి ఊహించుటయే. గడ్డ కనిపించెడిది కాదు. గడ్డ ప్రక్కకు నెట్టిన నాళము కనిపించెడిది.

1971 అక్టోబరు 1వ తేదీన లండను నగరమున అట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రము మొదటిసారిగ ఒక రోగి మెదడును అడ్డుపొరలుగ చూపెను. ముందుభాగమున నీటితిత్తి వంటి కణితి కత్తి తాకకమునుపే కనిపించెను. 1973లో లాటర్‌బర్ అయస్కాంత ప్రతిధ్వనితో చిత్రము తీయు మార్గమును ప్రకటించెను. అదియే నేటి ఎమ్.ఆర్.ఐ. ఈ విద్యకు లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అనువారికి 2003లో నోబెల్ బహుమానము లభించెను. నేడు రాజమహేంద్రవరములోను, కాకినాడలోను, భీమవరములోను ఈ చిత్రములు తీయుచున్నారు.

ఎమ్.ఆర్.ఐ. యంత్రమున కిరణపు గాయము లేదు. భూమి అయస్కాంత శక్తికి ముప్పది వేల రెట్లకు మించిన శక్తి గల అయస్కాంతము నడుమ రోగిని పరుండబెట్టుదురు. శరీరములోని నీటియందలి హైడ్రొజన్ కేంద్రకములు ఆ శక్తికి లోబడి నిలుచును. రేడియో తరంగముతో వాటిని కదిలించి, అవి తిరిగి సర్దుకొనునప్పుడు ఇచ్చు సంకేతమును యంత్రము వినును. మంచి కణజాలములోని నీరు ఒక తీరున, వ్యాధి సోకిన చోటి నీరు మరియొక తీరున సర్దుకొనును. ఆ భేదమే నలుపు తెలుపుల చిత్రమగును. కొబ్బరికాయను ఆడించి నీటి చప్పుడు వినుటకును దీనికిని దూరపు చుట్టరికము కలదు.

ఒక చిత్రము చాలదు. ర్యాలి క్షేత్రమున శ్రీ జగన్మోహినీ కేశవస్వామి మూర్తి ఒకే శిల. ముందు నుండి చూచినవానికి కేశవుడు. వెనుక నుండి చూచినవానికి మోహిని. ముందు మాత్రమే చూచి మరలినవాడు చూచినది అబద్ధము కాదు, కాని పూర్తి కాదు. ఎమ్.ఆర్.ఐ. లోను ఇట్లే అనేక దర్శనములు కలవు. ఒకటి వాపును చూపును. ఒకటి నరములోనికి మందు ఎక్కించిన పిదప గడ్డ ఎంత వెలుగునో చూపును. ఒకటి నీటి అణువులు స్వేచ్ఛగ కదలుచున్నవో, ఇరుకున చిక్కినవో చూపును. కణములు కిక్కిరిసిన లింఫోమాలో అవి చిక్కుకొనును. ఒకటి రక్తప్రవాహము ఎంత పెరిగినదో చూపును. గడ్డ మెదడులోపల పుట్టినదా, పైపొర నుండి లోనికి త్రోసినదా అనునది కూడ జాతిని చెప్పు బలమైన గుర్తు.

వీటిలో ఒక దర్శనము గోదావరి సీమకు ప్రత్యేకముగ సంబంధించినది. దానిని స్పెక్ట్రోస్కోపీ అందురు. అది ఆకారమును గాక, గడ్డలోని రసాయన ద్రవ్యములను శిఖరములు గల రేఖగ చూపును. నాడీకణములకు గుర్తైన ఎన్-అసిటైల్ ఆస్పర్టేట్ శిఖరము గ్లయోమాలో తగ్గును. కణపు గోడల నిర్మాణము హెచ్చినప్పుడు కోలీన్ శిఖరము పెరుగును. మెనింజియోమాలో ఒక్కొక్కప్పుడు అలనీన్ కనిపించును. అయితే పెరిగినదని, తగ్గినదని చెప్పుటకు ఒక కొలబద్ద కావలెను. ఆ కొలబద్దగ ఎక్కువగ వాడబడునది క్రియాటిన్ శిఖరము. క్రియాటినును, ఫాస్ఫోక్రియాటినును కలిసి ఆ ఒక్క శిఖరముగ నిలుచును. కోలీనునకు క్రియాటినుతో గల నిష్పత్తి ఎంత అని వైద్యుడు చూచును.

ఆ ఫాస్ఫోక్రియాటినును 1927లో హార్వర్డు వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఎక్స్ కిరణములు బయటపడిన 1895 సంవత్సరముననే, జనవరి 12వ తేదీన ఆయన జన్మించెను. రాజమహేంద్రవరమున చదివెను. సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులను బలిగొనెను. రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని కోరెను గాని తల్లి అంగీకరింపలేదు. మద్రాసులో వైద్యము చదివి పిదప బోస్టను చేరెను. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయు పరిశోధనను నడిపించెను. ఆ ఆమ్లమునకు విరోధులైన మందులును ఆయన బృందమునుండియే వెలువడెను. వాటిలో ఒకటి మెథోట్రెక్సేటు. 1948 ఆగస్టులో సుబ్బారావు పరమపదించెను, అప్పటికి ఎమ్.ఆర్.ఐ. యంత్రము లేదు. నేడు మెదడు లింఫోమాకు ప్రధానమైన చికిత్స అధిక మోతాదున మెథోట్రెక్సేటు. భీమవరపు బిడ్డ కనుగొన్న ద్రవ్యము గడ్డ జాతిని కొలుచుటకు ఒక కొలబద్ద. అతని బృందము చేసిన మందు ఆ జాతులలో ఒకదానికి ఔషధము. ఈ రెండును ఒక రోగి శయ్యయొద్ద కలియునని ఆయన ఊహించి యుండడు.

ఆ కొలబద్ద సైతము సంపూర్ణముగ స్థిరము కాదు. కొన్ని కణితులలో క్రియాటిన్ కూడ కుంగిపోవును. వేరొక అవయవమునుండి వచ్చిన కణితిలో అది దాదాపు కనిపింపకపోవచ్చును. కొలబద్ద కుంగినచో నిష్పత్తి ఉబ్బి కనిపించును. ఇది తెలిసినవాడు కొలతను నమ్మును గాని కొలతకు దాసుడు కాడు.

ఇచ్చట తర్కశాస్త్రపు మాట ఒకటి అత్యవసరము. పొగను చూచి నిప్పును చెప్పుటకు అర్హత ఎట్లు కలిగినది? వంటయింటి పొయ్యిలో పొగను, నిప్పును కలిపి పలుమారులు చూచుట వలన. ఈ నియత సంబంధమునకు వ్యాప్తి యని పేరు. వ్యాప్తి లేనిదే అనుమానము లేదు. పొయ్యిని ఎన్నడు చూడనివానికి కొండమీది పొగ మబ్బుతో సమానము. మరి ఈ చిత్రమునకు ఈ కణితియే కారణమని చెప్పు వ్యాప్తి ఎచ్చట లభించినది? చిత్రమును, కోసి తీసిన ముక్కను ప్రక్కప్రక్కన పెట్టి సూక్ష్మదర్శినిలో చూచిన చోట లభించినది. అనగా ఎవరో ఒకరి తల తెరువబడినది. నేడు ఒకని తలను తెరువకయే చెప్పగలుగుట, నాడు మరియొకని తలను తెరచినందున సాధ్యమైనది.

దీనికి వెల్లూరు ఆసుపత్రి చరిత్రయే సాక్ష్యము. మూర్ఛ వచ్చిన రోగుల సి.టి. చిత్రములలో ఒక చిన్న వెలుగుమచ్చ కనిపించుట మన దేశమున సాధారణము. పూర్వము దీనిని క్షయగడ్డ యని తలచి నెలల తరబడి క్షయ మందులు ఇచ్చెడివారు. వెల్లూరు వైద్యులు అట్టి మచ్చలను తీసి పరీక్షించగా, వాటిలో ఎక్కువ భాగము బద్దెపురుగు లార్వా వలన కలిగినవని తేలినది. అట్టివి పలుమారులు వాటంతట అవే కరగిపోవును. 1993లో వారు ఈ రెండింటిని వేరుచేయు గుర్తులను ప్రకటించిరి. మచ్చ రెండు సెంటీమీటర్లకు మించకుండుట, మెదడు మధ్యరేఖ ప్రక్కకు ఒరగకుండుట, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణములు లేకుండుట, చేయి కాలు పట్టు నానాటికి తగ్గకుండుట, ఇవి వానిలో ముఖ్యమైనవి. ఆ గుర్తుల బలమున పిదపటి రోగులు కత్తిని, అక్కరలేని మందులను తప్పించుకొనిరి. శస్త్రమునకు తల ఒగ్గిన ఆ తొలి రోగుల పేర్లు ఎవరికిని తెలియవు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడు ఋణములను మన పెద్దలు చెప్పిరి. ఈ పేరు తెలియనివారి ఋణమును ఋషిఋణములో చేర్చుట న్యాయము. జ్ఞానమును ఇచ్చినవాడే గదా ఋషి.

ఋణమును గుర్తించినవాడు ఆ జ్ఞానమును దాని హద్దు దాటించి వాడడు. హద్దు దాటుట ఎట్లు జరుగునో భగవద్రామానుజుల సిద్ధాంతమొకటి చక్కగ తెలుపును. ముత్యపుచిప్పను చూచి వెండి యని భ్రమించినవాడు లేనిదానిని చూడలేదని, చిప్పలో అల్పముగ నున్న వెండి అంశమును మాత్రము గ్రహించి అధికమైన చిప్ప అంశమును గ్రహింపలేదని వారి నిర్ణయము. దీనికి యథార్థఖ్యాతి యని పేరు. చిత్రములో ఉంగరము వలె వెలుగు గడ్డను చూచి తీవ్రమైన గ్లయోబ్లాస్టోమా యని చెప్పి, తీరా అది చీముగడ్డ యైనచో, ఆ వైద్యుడు లేని ఉంగరమును చూడలేదు. ఉంగరము నిజముగనే ఉన్నది. గ్లయోబ్లాస్టోమాకును, చీముగడ్డకును, క్షయగడ్డకును ఉంగరము సామాన్యము. ఆ మూడింటికి సామాన్యమైన అంశమును ఒకదాని విశేషముగ గ్రహించుటయే పొరపాటు. కావున దానికి విరుగుడు కన్నులు మూసికొనుట కాదు, ఇంకను చూచుట. నీటి కదలికను చూపు చిత్రము తీసినచో, చీముగడ్డ నడుమ నీరు చిక్కుకొని ప్రకాశించును. గ్లయోబ్లాస్టోమా నడుమ కుళ్ళిన భాగమున సాధారణముగ అట్లుండదు.

ఎంత చూచినను తీరని భాగము కూడ కలదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన వర్గీకరణములో గ్లయోమాల పేర్లు కణముల ఆకారముతో పాటు జన్యువుల మార్పులను బట్టి నిర్ణయింపబడినవి. ఐ.డి.హెచ్. అను జన్యువు మారినదా లేదా అనుదానిపై రోగి ఆయుర్దాయము ఎంతో ఆధారపడియున్నది. ఆ జన్యువు మారిన కణితిలో 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అను ద్రవ్యము పోగగును. దానిని స్పెక్ట్రోస్కోపీతో బయటినుండియే పసికట్టవచ్చునని 2012లో పరిశోధకులు చూపిరి. ఒక దర్శనమున తెల్లగ వెలిగిన గడ్డ, మరియొక దర్శనమున అంచు తప్ప నల్లబడినచో, అది ఐ.డి.హెచ్. మారిన ఒకానొక జాతి యగుటకు బలమైన గుర్తని 2017లో వెల్లడించిరి. ఆ గుర్తు ఉన్నచో నమ్మకము హెచ్చు. కాని అది లేనంత మాత్రమున ఆ జాతి కాదని చెప్పరాదు. పొగ ఉన్నచోట నిప్పు ఉండును గాని, నిప్పు ఉన్న ప్రతిచోట పొగ ఉండదని తార్కికులు చెప్పినది ఇదియే. ఎర్రగ కాలిన ఇనుపగుండులో పొగ ఏది?

కంప్యూటరునకు వేలకొలది చిత్రములు చూపి జాతిని చెప్పుట నేర్పుచున్నారు. దానికిని ఇదే న్యాయము. అది చూచిన పొయ్యిల వ్యాప్తియే దాని జ్ఞానము. క్షయగడ్డలు అరుదైన దేశముల చిత్రములతో మాత్రమే నేర్చిన యంత్రమును డెల్టా రోగి ముందు నిలిపినచో, అది తాను ఎరుగని దానిని ఎరిగిన పేరుతోనే పిలుచును.

ఇక కర్తవ్యము. చిత్రము బలముగ పలికినచోట దానిని ఆదరింపవలెను. చిన్న మెనింజియోమా వంటిది బాధపెట్టకుండ ఉన్నచో, కోయక ఏటేట చిత్రము తీసి కనిపెట్టి ఉండుట తగును. చిత్రము తడబడినచోట ముక్కను కోరుట హింస కాదు. కపాలమునకు చిన్న రంధ్రము చేసి సూదితో కొంచెము తీసి చూచు పద్ధతి కలదు. అందు రక్తస్రావ భయము లేకపోలేదు. ఐనను పేరు తెలియని వ్యాధికి తీవ్రమైన మందు ఇచ్చుట అంతకంటె పెద్ద హింస కావచ్చును. లింఫోమా యని సందేహమున్నచో, రోగి స్థితి అనుమతించినంతవరకు స్టెరాయిడ్ మందును ముక్క తీయువరకు ఆపుదురు. అది గడ్డను తాత్కాలికముగ కరిగించి గుర్తులనే చెరిపివేయును. తొందరపడిన దయ సాక్ష్యమును చంపును. అహింస యనగా కత్తిని ముట్టకుండుట కాదు. అక్కరలేని కత్తిని ముట్టకుండుట.

సత్యము సంగతి ఇంకను సున్నితము. ఆ రైతు కుటుంబము వైద్యుని చాటునకు పిలిచి, ఆయనతో చెప్పవద్దని వేడుకొనును. ఆ ప్రేమ నిజమైనదే. కాని చెప్పకూడదని వారు అడుగునది ఏమి? ఇంకను ముక్క పరీక్ష కాలేదు. వైద్యుడు కాన్సరని చెప్పినను, భయము లేదని చెప్పినను, తనకు తెలియనిదానిని తెలిసినట్లు చెప్పినవాడగును. సత్యమునకు మూడు మెట్లు కలవు: ఇది నిశ్చయము, ఇది ఎక్కువగ తోచుచున్నది, ఇది ఇంకను తెలియదు. చిత్రములో గడ్డ ఉన్నది, ఇది నిశ్చయము. దాని తీరు ఫలానా జాతిని సూచించుచున్నది; ఇది తోచుట. ముక్క చూచినగాని పేరు చెప్పరాదు, ఇది తెలియమి. ఈ మూడింటిని వేరుచేసి మృదువుగ చెప్పినచో రోగి మనస్సు విరుగదు. తన పొలమును ఎవరికి అప్పగింపవలెనో, కుమార్తె వివాహము ఎప్పుడు జరుపవలెనో, ఏ క్షేత్రమునకు మ్రొక్కు చెల్లింపవలెనో నిర్ణయించుకొను హక్కు ఆయనది. తెలియమిని దాచిన మాట ఆ హక్కును హరించును. అనుమానమను పదమునకు గల రెండర్థములు ఇచ్చట కలియును. నిశ్చయమునకు సాధనమైనది ఎంతవరకో, సందేహము మొదలగునది ఎచ్చటనో, ఆ గీత గీయగలవాడే ఆప్తుడు. ఆప్తుని వాక్యమే ప్రమాణమైన శబ్దము.

భగవద్గీత పదమూడవ అధ్యాయము శరీరమును క్షేత్రమనియు, దానిని ఎరుగువానిని క్షేత్రజ్ఞుడనియు పేర్కొన్నది. ఎంత శక్తిగల అయస్కాంతమైనను చూపునది క్షేత్రమునే. ఆ పరుండినవాని భయమును, ఆశను, అతడు వాకిట విడిచివచ్చిన భార్య ఎదురుచూపును ఏ శిఖరముగను అది గీయదు. వాటిని ఎరుగుటకు ఎదుట కూర్చుండి మాటలాడు మనిషి కావలెను. చిత్రమును చదువునప్పుడు పేరులేని పూర్వరోగుల ఋణమును, చదివినది చెప్పునప్పుడు ఎదుటివాని ఆత్మగౌరవమును మరువనివాడు తలను తెరువకయే తెలిసికొను ఈ విద్యకు అధికారి. ఈ రెంటిని మరచినవాడు ఎన్ని చిత్రములు తీయించినను పొగలోనే నిలిచియుండును.